ఆలూ లేదు చూలూ లేదు, క్యూబిట్ పేరు సోమలింగం

స్పిన్ లిక్విడ్ దొరికేసిందిట. మళ్ళీ.

కొన్ని నెలలకోసారి ఈ వార్త ఏదో ఒక సైటులో తేలుతూనే ఉంటుంది. పదార్థం పేరు మారుతుంది, యూనివర్సిటీ పేరు మారుతుంది, మిగతాదంతా పాత ఫైలుని కాపీ కొట్టినట్టే ఉంటుంది. శాస్త్రవేత్తలు ఒక వింత పదార్థ స్థితిని కనిపెట్టారు, దీనితో తప్పులు చెయ్యని క్వాంటం కంప్యూటర్లకి బాట పడింది, వగైరా. పక్కన నీలం రంగు బాణాలు గిర్రున తిరుగుతున్న బొమ్మ. పొద్దున్న తొమ్మిదింటికి అది మన ఆఫీసు గుంపులోకి వస్తుంది. పదింటికల్లా ఎవరో ఒకరు "మనం కూడా క్వాంటం నేర్చేసుకోవాలి గురూ, లేకపోతే వెనకబడిపోతాం" అంటారు. పదకొండింటికి ఇంకొకాయన కోర్సు లింకు పెడతాడు. ఫీజు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

ఒక్క మాట ముందే చెప్పేస్తున్నా. నా గొడవ ల్యాబుల్లో కూర్చుని క్రిస్టల్స్ పెంచుకునే వాళ్ళతో కాదు. వాళ్ళ పేపర్లు తీసి చూస్తే చాలామంది బుద్ధిగా "స్పిన్ లిక్విడ్ అభ్యర్థి" అనే రాస్తారు. ఆ "అభ్యర్థి" అన్న మాట యూనివర్సిటీ ప్రెస్ నోటులో సగం అరిగిపోతుంది, సైటు దాకా వచ్చేసరికి మాయమైపోతుంది. ఎన్నికల్లో నామినేషన్ వేసినవాణ్ణి ఎమ్మెల్యే గారూ అని పిలిచినట్టన్నమాట. నా గొడవ, ఆ మాట మాయమైన సంగతి పట్టించుకోకుండా ఫార్వర్డు నొక్కే మనతోనే. ఎందుకంటే మనం అలా చెయ్యకూడని వాళ్ళం. బగ్ కనబడలేదు అంటే బగ్ లేదు అని కాదు, ఈ ముక్క మీద జీతాలు తీసుకుంటున్న జాతి మనది. స్పిన్ లిక్విడ్ కథ యాభై ఏళ్ళుగా సరిగ్గా ఆ ముక్క మీదే నడుస్తోంది.

అసలు సంగతేంటో చూద్దాం.

ఫ్రస్ట్రేషన్ అంటే వెంకటేష్ సినిమాలో ఫ్రస్ట్రేషన్ కాదు గానీ, మరీ దూరం కూడా కాదు. కొన్ని పదార్థాల్లో ఒక్కో పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతం. అది చూసే దిక్కే స్పిన్ అనుకోండి (పూర్తిగా నిజం కాదు, ఈ టపాకి చాలు). పక్కపక్క స్పిన్లు ఎదురెదురు దిక్కులు చూస్తే శక్తి తగ్గే పదార్థాలున్నాయి. వాటిని యాంటీఫెర్రోమాగ్నెట్లు అంటారు. పరమాణువులు చదరపు గళ్ళలో కూర్చుంటే ఏ పేచీ లేదు, చదరంగం బల్లలాగా ఒకటి పైకీ ఒకటి కిందకీ. చల్లబరిస్తే చక్కగా వరసలో నిలబడతాయి. అదే త్రిభుజంలో కూర్చోబెట్టండి. మొదటిది పైకి, రెండోది కిందకి, మరి మూడోది? ఎటు తిరిగినా ఒకళ్ళకి కోపం. బీటెక్ లో గ్రాఫ్ థియరీ కాస్త చదివినవాళ్ళకి ఒక్క వాక్యం చాలు. బేసి సైకిల్ ఉన్న గ్రాఫుకి రెండు రంగులు సరిపోవు. అంతే, అయస్కాంతాల ఫ్రస్ట్రేషన్ అంటే అదే. ఉన్న ఎనిమిది అమరికల్లో ఆరు సమానంగా 'ఉన్నంతలో నయం'.

పైకీ కిందకీ తప్ప మూడో దిక్కు తెలియని స్పిన్లని త్రిభుజాల లాటిస్ అంతా పరిస్తే ఏమవుతుందో 1950లో గ్రెగరీ వానియర్ లెక్క కట్టాడు. కెల్విన్ స్కేలు మీద సున్నాకి తీసుకెళ్ళినా ఎంట్రోపీ పూర్తిగా పోదు, ఒక్కో స్పిన్ కి బోల్ట్జ్‌మన్ స్థిరాంకంలో 0.323 వంతు మిగిలే ఉంటుంది. అంటే ఎంత చల్లబరిచినా ఒక నిర్ణయానికి రాలేని వ్యవస్థ. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగే.

ఇక్కడిదాకా క్వాంటం లేదు. క్వాంటంలో ఇంకో దారి ఉంది. రెండు స్పిన్లు జతకట్టి, "నువ్వెటుంటే నేను దానికి ఎదురు" అన్న ఒప్పందం ఒక్కటి ఉంచుకుని, విడివిడిగా ఎవరికీ ఏ దిక్కూ లేకుండా ఉండిపోవచ్చు. దీన్ని సింగ్లెట్ అంటారు. 1969లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ లో చంచల్ కుమార్ మజుందార్, దీపన్ ఘోష్ ఒక స్పిన్ల గొలుసు తీసుకున్నారు. పక్కవాడితో ఒక బలం, వాడి అవతలి వాడితో సరిగ్గా అందులో సగం బలం. అక్కడ ఇలాంటి జతలే అన్నిటికన్నా తక్కువ శక్తి స్థితి అని ఏ ఉజ్జాయింపూ లేకుండా చూపించారు. ప్రపంచంలో ఎక్కడ ఈ విషయం మీద పాఠం చెప్పినా ఈ ఇద్దరి పేర్లూ వస్తాయి. క్వాంటం గురించి రోజూ ఊదరగొట్టే మన గుంపుల్లో మాత్రం ఈ పేర్లు నేను ఒక్కసారి కూడా చూడలేదు.

నాలుగేళ్ళ తర్వాత, 1973లో, ఫిలిప్ ఆండర్సన్ ఇంకో అడుగు వేశాడు. జతలు ఎవరికి వారు అలా ఫిక్సయిపోనక్కర్లేదు, సాధ్యమైన అన్ని జతకట్టుళ్ళూ కలిసిన సూపర్‌పొజిషన్ లో లాటిస్ అంతా ఉండొచ్చు అన్నాడు. వరస లేదు, గడ్డకట్టడం లేదు, సున్నా దగ్గర కూడా ద్రవంలాగే. అదీ స్పిన్ లిక్విడ్. తమాషా ఏంటంటే ఆ పేపరు శీర్షిక చివర ఆయన ప్రశ్నార్థకం పెట్టాడు. ఆయన ఉదాహరణగా తీసుకున్న త్రిభుజాల లాటిస్ మీద, పక్కపక్క బలాలు మాత్రమే ఉంటే, స్పిన్లు ఒకదానికొకటి 120 డిగ్రీల కోణంలో వరస కట్టేస్తాయని తర్వాత కంప్యూటర్ లెక్కల్లో తేలింది. ఆలోచన అద్భుతం, ఉదాహరణ కుదర్లేదు. ఆ ప్రశ్నార్థకమే ఇవాళ్టి వార్తల్లో కనబడనిది.

ఇప్పుడు అసలు చిక్కు. మామూలు అయస్కాంతం అయితే "ఇదిగో" అని చూపించొచ్చు. న్యూట్రాన్లు పంపిస్తే ఫలానా చోట పదునైన చుక్కలు పడాలి, పడతాయి. స్పిన్ లిక్విడ్ కి అలాంటి సులువైన ఆనవాలు లేదు. న్యూట్రాన్లలో చుక్కలు లేవు. విశిష్టోష్ణం గ్రాఫులో శిఖరం లేదు. మ్యూయాన్లు పెట్టి చూసినా స్థిరమైన క్షేత్రం లేదు. అన్నీ 'లేదు'లే. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ కేసులన్నీ "ఎర్రర్ రాలేదు" అన్నవే, "ఈ ఇన్‌పుట్ కి ఈ అవుట్‌పుట్ రావాలి, వచ్చింది" అన్నది ఒక్కటీ లేదు. లోపల ఏమీ రాయని ఖాళీ ఫంక్షన్ కూడా ఎర్రర్ ఇవ్వదు కదండీ! ఆ టెస్ట్ రిపోర్టు పట్టుకుని రిలీజ్ కి సంతకం పెట్టే మేనేజర్ ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ కంపెనీ షేర్లు అమ్మేద్దాం.

'ఉంది' అని చెప్పడం ఎలా ఉంటుందో కూడా ఈ రంగమే చూపించింది. స్పిన్ ఐస్ అని ఒకటుంది. డిస్ప్రోసియం టైటనేట్ లాంటి పదార్థాల్లో నాలుగేసి స్పిన్లు ఒక చతుర్ముఖి మూలల్లో కూర్చుంటాయి. అందులో రెండు లోపలికీ రెండు బయటికీ చూడాలి, అదీ రూలు. నీళ్ళు గడ్డకట్టిన మంచులో హైడ్రోజన్లు పాటించే రూలూ ఇదే. మంచులో ఈ రూలు వల్ల ఎంత ఎంట్రోపీ మిగలాలో లైనస్ పౌలింగ్ 1935లోనే కాగితం మీద లెక్క కట్టాడు. హోల్మియం టైటనేట్ లో ఈ పోలికని 1997లో పట్టుకున్నారు. 1999లో రామిరెజ్ బృందం డిస్ప్రోసియం టైటనేట్ విశిష్టోష్ణం కొలిచింది. ఒక మోల్ స్పిన్లకి మొత్తం 5.76 జౌల్స్ ఎంట్రోపీ లెక్క తేలాలి, 3.9 మాత్రమే తేలింది. తేలకుండా ఉండిపోయింది పౌలింగ్ లెక్క ఇచ్చే 1.68కి దగ్గరగా ఉంది. ముందు అంకె, తర్వాత కొలత. 2013లో ఇంకో బృందం చాలా నెమ్మదిగా చల్లబరిస్తే ఆ మిగులు నిలవట్లేదని పేచీ పెట్టింది. పెట్టనివ్వండి, అంకె అంటూ ఉంటేనే కదా పేచీ పెట్టుకునేది. 'లేదు' మీద ఏం పేచీ పెడతాం?

(స్పిన్ ఐస్ క్లాసికల్ సరుకు, క్వాంటం స్పిన్ లిక్విడ్ వేరు. రెంటినీ కలిపేసి రాసినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ గురించి ఇంకో టపా రాయాలి.)

సరే, 'లేదు'లు ఎంత మోసం చేస్తాయో చూడండి. యిటర్బియం మెగ్నీషియం గాలియం ఆక్సైడ్ అని ఒక పదార్థం. 2015లో వచ్చింది. త్రిభుజాల లాటిస్, వరస లేదు, 2016లో నేచర్ పత్రికలో న్యూట్రాన్ ఫలితాలు, పదునైన చుక్కల బదులు పరుచుకుపోయిన మసక. స్పిన్ లిక్విడ్ అని పెద్ద హడావుడి. కానీ ఆ క్రిస్టల్ లో మెగ్నీషియం, గాలియం ఒకే రకం చోట్లలో సగం సగం, ఎక్కడ ఏది కూర్చుంటుందో లాటరీ. ఆ లాటరీ వల్ల ఒక్కో యిటర్బియంకి ఒక్కో రకం పరిసరాలు, ఒక్కో రకం బలాలు. 2017లో అమెరికాలో నలుగురు సిద్ధాంతకర్తలు లెక్కలు వేసి, స్పిన్ లిక్విడ్ అవసరమే లేదు, మామూలుగా వరస కట్టే స్పిన్లకి ఈ గజిబిజి తోడైతే చాలు, అచ్చం అదే మసక వస్తుంది అని చూపించారు. ఆ పేపరు శీర్షికలోనే 'మిమిక్రీ' అన్న మాట ఉంది. నాకైతే నేరెళ్ళ వేణుమాధవ్ గారు గుర్తొచ్చారు. తెరవెనక నించి విని నాగేశ్వరరావు గారొచ్చారు అని ప్రకటించేస్తే ఎలా? 2018లో దీని తోబుట్టువుని, అంటే మెగ్నీషియం బదులు జింక్ ఉన్నదాన్ని, పరీక్షిస్తే అది స్పిన్ గ్లాస్ అని తేలింది. ద్రవం కాదు, అడ్డదిడ్డంగా గడ్డకట్టిన గాజు. ఈ రెండు పేపర్లూ మన గుంపులో ఎవరైనా ఫార్వర్డు చేశారా? నాకైతే రాలేదు.

అందరికన్నా గట్టి అభ్యర్థి హెర్బర్ట్‌స్మితైట్. చిలీలో దొరికిన ఖనిజం, 2004లో పేరు పెట్టారు, 2005లో ఎంఐటీలో ల్యాబులో తయారు చేశారు. ఇందులో రాగి పరమాణువులు కగోమే లాటిస్ లో ఉంటాయి. కగోమే అన్నది జపాను వాళ్ళ బుట్ట అల్లిక పేరు, మన మేదరి వాళ్ళు అల్లే కోళ్ళ గంపని తలుచుకోండి, షడ్భుజాల చుట్టూ త్రిభుజాలు. రాగి స్పిన్ల మధ్య బలం దాదాపు 200 కెల్విన్లు. అయినా 0.05 కెల్విన్ దాకా చల్లబరిచినా వరస కట్టలేదు. నాలుగు వేల రెట్ల తేడా! 2012లో పెద్ద క్రిస్టల్ మీద న్యూట్రాన్ ప్రయోగం చేస్తే, స్పిన్ లిక్విడ్ లో ఒక స్పిన్ ఉత్తేజం రెండు ముక్కలయితే ఎలా కనబడాలో అలాంటి పరుచుకున్న సంకేతం వచ్చింది. ఇది నిజంగా గౌరవించాల్సిన పని, నాకేం అభ్యంతరం లేదు.

మరి గొడవెక్కడ? జింక్ ఉండాల్సిన పొరల్లో సుమారు 15 శాతం చోట్ల రాగి వచ్చి కూర్చుంది. 2010లోనే ఈ సంగతి కొలిచి చెప్పారు. డేటాబేస్ టేబుల్లో ప్రతి ఏడో రికార్డూ వేరే టేబుల్ నించి వచ్చి పడినట్టు అనుకోండి. దాని మీద రిపోర్టు తీసి "సగటు జీతం ఇంత" అని చెప్తే ఏ క్లయింట్ ఊరుకుంటాడు? ఇక్కడ తేలాల్సిన ప్రశ్న మరీ సున్నితం. ఈ స్థితిని కదిలించడానికి కనీసం కొంత శక్తి కావాలా, అంటే గ్యాప్ ఉందా, లేక ఎంత చిన్న శక్తి అయినా చాలా? ఏ రకం స్పిన్ లిక్విడ్ అన్నది దీని మీదే ఆధారపడుతుంది. 2015లో సైన్స్ పత్రికలో ఎన్‌ఎంఆర్ పద్ధతిలో గ్యాప్ ఉందన్నారు. 2020లో నేచర్ ఫిజిక్స్ లో అదే ఎన్‌ఎంఆర్ పద్ధతిలో గ్యాప్ లేదన్నారు. ఈ రెండో పేపరు మొదటి రచయిత పి. ఖుంటియా, ఐఐటీ మద్రాస్. అదే ఖనిజం, అదే రకం కొలత, జవాబులు మాత్రం ఎదురెదురు. ఇదీ ఇప్పటికి అన్నిటికన్నా గట్టి కేసు పరిస్థితి.

సేంద్రియ పదార్థాల కథ త్వరగా చెప్పేస్తా. జపాన్ లో 2003లో ఒక కాపర్ సయనైడ్ సేంద్రియ లవణం 0.032 కెల్విన్ దాకా వరస కట్టలేదని చూపించారు, రంగం అంతా అటు పరిగెత్తింది. 2021లో సైన్స్ లో వచ్చిన పేపరు, 6 కెల్విన్ దగ్గర స్పిన్లు జతలుగా స్థిరపడిపోయి గ్యాప్ తెరుచుకుంటోంది, ఇది ద్రవం కాదు అంది. పద్దెనిమిదేళ్ళు! దాని చుట్టం ఇంకోటి ఉంది, పల్లాడియం లవణం. 2010లో అది లోహంలాగా వేడిని మోస్తోందని, మోసేవి స్పిన్లేనని చెప్పారు. 2019లో రెండు వేర్వేరు బృందాలు కొలిస్తే ఆ మోత కనబడలేదు. "నా మెషీన్ లో పనిచేస్తోందే" అన్న మాట మనం మాత్రమే అంటాం అనుకున్నారా?

ఇప్పుడు క్వాంటం కంప్యూటర్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే వార్తల్లో అమ్ముడుపోయేది అదే. 2006లో అలెక్సీ కిటాయెవ్ తేనెపట్టు లాటిస్ మీద ఒక మోడల్ రాసి పూర్తిగా సాధించేశాడు. అందులో స్పిన్లు మజొరానా అనే సగం కణాలుగా విడిపోతాయి. అయస్కాంత క్షేత్రం పెడితే వాటిని ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి లెక్కలు చెయ్యొచ్చు, చిన్న చిన్న కదుపులకి సమాచారం చెడిపోదు. మరుసటి ఏడాదే చెన్నై ఐఎమ్‌ఎస్‌సీ వాళ్ళు బాస్కరన్, మండల్, శంకర్ ఆ మోడల్ లో స్పిన్లు కాలంతో ఎలా కదులుతాయో కచ్చితమైన జవాబు రాశారు. ఈ బాస్కరనే 1987లో ఆండర్సన్ తో కలిసి సూపర్‌కండక్టర్ల మీద పనిచేసిన ఆయన. 2009లో జాకెలీ, ఖలియుల్లిన్ ఎలాంటి నిజం పదార్థాల్లో ఈ మోడల్ పుట్టొచ్చో చెప్పారు. అలా వెతగ్గా వెతగ్గా దొరికింది రుథీనియం క్లోరైడ్.

అయితే అది 7 కెల్విన్ దగ్గర బుద్ధిగా వరస కట్టేస్తుంది. అంటే మామూలుగా అది స్పిన్ లిక్విడ్ కాదు. సుమారు 8 టెస్లాల క్షేత్రం పెడితే ఆ వరస చెదురుతుంది, అప్పుడేమన్నా ఉందా అన్నది ప్రశ్న. 2018లో క్యోటో బృందం, వేడి పక్కకి మళ్ళే కొలతలో సరిగ్గా క్వాంటం ప్రమాణంలో సగం విలువ వచ్చిందని నేచర్ లో ప్రకటించింది. ఇది 'లేదు' కాదు, మజొరానాలుంటే రావలసిన ఖచ్చితమైన అంకె. కాబట్టే అంత ఉత్సాహం, న్యాయమైన ఉత్సాహమే. 2021లో ప్రిన్స్‌టన్ వాళ్ళకి ఆ మెట్టు రాలేదు, ఊగిసలాటలు వచ్చాయి. 2022లో ఇంకో బృందం మెట్టు వచ్చిందంది. మరో బృందం అదే ఏడాది, వేడి పక్కకి మళ్ళేది చాలావరకు ఫోనాన్ల వల్లే, అంటే పరమాణువుల కుదుపుల వల్లే, అంది. ఇంత తేడా ఎందుకు? ఆ క్రిస్టల్ పేకముక్కల దొంతరలాంటిది. పొరలు కాస్త జారితే చాలు, 7 బదులు 14 కెల్విన్ల దగ్గర మార్పు కనబడుతుంది. పట్టుకునేటప్పుడు వంగినా జారొచ్చు. ప్రపంచానికి కొత్త కంప్యూటర్ ఇస్తుందంటున్న సరుకు, చిమటాతో గట్టిగా పట్టుకుంటే పాడైపోయేది!

మజొరానాల వేట ఇంకో దారిలో, సన్నటి తీగల్లో కూడా నడిచింది. అక్కడ 2018లో నేచర్ లో వచ్చిన ఘనమైన పేపరుని 2021లో వెనక్కి తీసుకున్నారు. 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మజొరానా చిప్పు అని ప్రకటించి కొత్త పదార్థ స్థితి అంటే, దాంతోపాటే నేచర్ లో వచ్చిన పేపరు సమీక్ష పత్రాల్లో సంపాదకులే ఈ ఫలితాలు ఆ స్థితి ఉందనడానికి సాక్ష్యం కావని రాసిపెట్టారు. ప్రెస్ మీట్ ఎంతమంది చూశారు, ఆ నోటు ఎంతమంది చదివారు?

ఇదంతా మనకెందుకంటారా, ఇందుకు. 2023 ఏప్రిల్ లో కేంద్రం 6003.65 కోట్లతో నేషనల్ క్వాంటం మిషన్ కి ఆమోదం ఇచ్చింది. 2025 మేలో అమరావతి క్వాంటం వ్యాలీలో ఐబీఎం 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న యంత్రం పెడుతుందని ప్రకటించారు. మంచిదే, రానివ్వండి. కానీ హెరాన్ సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్ల మీద నడిచే యంత్రం, స్పిన్ లిక్విడ్ కీ దానికీ సంబంధం లేదు. ఈ తేడా చెప్పేవాళ్ళు లేరు కాబట్టే అంతా కలిపి ఒకే మూటగా అమ్ముతున్నారు. మా పిన్ని కొడుకు బీటెక్ మూడో సంవత్సరం, మొన్నామధ్య ఒక కోచింగ్ వాళ్ళ కరపత్రం పంపించి "అన్నయ్యా, ఇందులో చేరనా?" అన్నాడు. ఆ సంస్థ పేరు ఎందుకు గానీ, మూడు నెలలు, లక్షకి కాస్త తక్కువ ఫీజు. సిలబస్ చివర్లో "టోపోలాజికల్ క్యూబిట్లు, స్పిన్ లిక్విడ్ ప్రాసెసర్లు" అని ఉంది. స్పిన్ లిక్విడ్ ప్రాసెసరా! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. మా బాబాయికి అది రెండు పంటల మిగులు. మీకు ఇది తమాషాగా ఉంటే ఉండొచ్చు, నాకు లేదు.

"కాస్త ఊదరగొడితేనే కదా సైన్సుకి డబ్బులొచ్చేది" అంటారు కొందరు మిత్రులు. నేనొప్పుకోను. ఊదరకి వచ్చే డబ్బు ఊదరగొట్టదగ్గవాటికే పోతుంది. పైన చెప్పిన కథలన్నిటిలో పేచీ తీర్చింది ఏంటో చూడండి, ఇంకో క్రిస్టల్, ఇంకా శుభ్రమైన క్రిస్టల్, ఇంకో కొలత, ఒప్పుకోని ఇంకో బృందం. నేషనల్ మిషన్ లో నాలుగు హబ్బులున్నాయి. కంప్యూటింగ్ ది బెంగుళూరు ఐఐఎస్‌సీలో అని మన గుంపులో చాలామందికి తెలుసు. ఐఐటీ ఢిల్లీలో పదార్థాలకీ పరికరాలకీ ఒక హబ్ ఉందని ఎంతమందికి తెలుసు? న్యూట్రాన్ల కోసం మనకి ట్రాంబేలో ధ్రువ రియాక్టర్ ఉంది, 1985 నించీ. అది చాలని ప్రయోగాలకి మనవాళ్ళు క్రిస్టల్ జేబులో వేసుకుని ఇంగ్లండులో ఐసిస్ కో, ఫ్రాన్స్ లో గ్రెనోబుల్ కో వెళ్తారు. "పదార్థం బాగుచేసే పని" అని శీర్షిక పెడితే ఎవరూ నొక్కరు, నాకు తెలుసు. నొక్కకపోతే మానెయ్యండి, అంతేగానీ లేని ప్రాసెసర్ పేరు చెప్పి పిల్లల దగ్గర లక్షలు గుంజొద్దు.

"సరే, విమర్శించావు, మరి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇందులో పనేం లేదా?" అంటే, భేషుగ్గా ఉంది. ఫ్రస్ట్రేషన్ ఉన్న క్వాంటం వ్యవస్థల మీద మాంటీ కార్లో చెయ్యబోతే సంభావ్యతలు రుణాత్మకం అయిపోతాయి, దీన్ని సైన్ ప్రాబ్లమ్ అంటారు. దీనికి అన్నిచోట్లా పనిచేసే మందు కనుక్కోవడం ఎన్‌పీ-హార్డ్ అని 2005లో ట్రోయర్, వీసే చూపించారు. అందుకని వేరే దారులు. కోళ్ళ గంప లాటిస్ మీద 2011లో యాన్, హ్యూస్, వైట్ అనే ముగ్గురు డీఎమ్‌ఆర్‌జీ అనే పద్ధతిలో లెక్క వేసి స్పిన్ లిక్విడ్ అనీ, గ్యాప్ ఉందనీ చెప్పారు. 2017లో వేరే వాళ్ళు టెన్సర్ నెట్‌వర్కులతో గ్యాప్ లేదన్నారు. అంటే ప్రయోగాల్లో తేలని ప్రశ్నే, మురికి అంటని కాగితం మీది మోడల్ లో కూడా తేలలేదు. ఏ ఉజ్జాయింపూ లేకుండా కచ్చితంగా లెక్క వెయ్యాలంటే 2019లో చేరిన హద్దు 48 స్పిన్లు. 2 ని 48 సార్లు హెచ్చవేసి చూసుకోండి, 281 లక్షల కోట్ల పైన. సిమ్మెట్రీలు వాడి దాన్ని తగ్గించి, వేల కోర్ల మీద పంచి, మెమరీలో పట్టించి నడిపారు. మ్యాట్రిక్స్ ని ఎలా దాచుకోవాలి, నోడ్ల మధ్య మెసేజీలు ఎలా తగ్గించాలి, ఇది మన పని కాకపోతే ఇంకెవరి పని?

మా తమ్ముడికి అదే చెప్పాను. లీనియర్ ఆల్జీబ్రా పుస్తకం తియ్యి, సీ ప్లస్ ప్లస్సో పైథానో నీకొచ్చింది తీసుకో, పన్నెండు స్పిన్లకి ఉన్నవి 4096 స్థితులే, నీ ల్యాప్‌టాప్ చాలు. త్రిభుజాల ముక్క ఒకటి, కోళ్ళ గంప ముక్క ఒకటి, రెంటికీ అత్యల్ప శక్తి కనుక్కుని పోల్చి చూడు. టెన్సర్ నెట్‌వర్క్ లైబ్రరీలు నెట్లో ఉచితంగా దొరుకుతాయి, తర్వాత వాటిలోకి దిగు. వాడు మొదటి ముక్క రాసి పంపించాడు, సైను ఒకచోట తిరగబడింది, సరిచేసుకుంటున్నాడు. సర్టిఫికెట్ ఎవరిస్తారు అన్నయ్యా అని మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నాడు.